తెల్ల పాషాణం: ఒక మూలకం, రెండు ముఖాలు

లోహాలకూ అలోహాలకూ నడుమ నిలిచే కొన్ని మూలకాలను అర్ధలోహాలంటారు. సెల్‌ఫోన్ చిప్‌లోని సిలికాన్, వేడికి పగలని గాజులోని బోరాన్ ఆ కోవలోనివే. వాటితో మనకు పెద్ద భయం లేదు. వైద్యుడిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వాటి తోబుట్టువు ఆర్సెనిక్.

దాని తెల్లని ఆక్సైడే తెల్ల పాషాణం. చూడటానికి పిండిలా ఉంటుంది. వాసన లేదు, చెప్పుకోదగిన రుచీ లేదు. అందుకే ఇంగ్లండులో 1851లోనే ఒక చట్టం వచ్చింది. కొన్నవారి పేరు పుస్తకంలో రాయాలి. చిల్లరగా అమ్మేదానికి మసిగాని నీలిమందుగాని కలపాలి. అయినా 1858లో బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో ఘోరం జరిగింది. మిఠాయిలో చక్కెర ఖర్చు తగ్గించుకోవడానికి జిప్సం పొడి కలపడం అక్కడ అలవాటు. కల్తీ మన కాలపు విద్యేమీ కాదు! మందుల దుకాణంలో ఆ పొడికి బదులు పొరపాటున పాషాణం తూచి ఇచ్చారు. ఆ పిప్పరమెంటు బిళ్ళలు తిని సుమారు ఇరవైమంది మరణించారు, రెండువందలమందికి పైగా జబ్బుపడ్డారు. 1868 నాటి ఫార్మసీ చట్టానికి ఈ విషాదమూ ఒక కారణమైంది.

చిత్రమేమంటే, అదే దేశంలో అదే మూలకాన్ని వైద్యులు చుక్కల మందుగా రాసి ఇస్తూండేవారు. 1786లో థామస్ ఫౌలర్ ప్రచారంలోకి తెచ్చిన ద్రావణం చలిజ్వరాలకు, చర్మవ్యాధులకు వందేళ్ళకు పైగా వాడుకలో ఉంది. దాన్ని ఏళ్ళ తరబడి వాడినవారి అరచేతులు గరుకెక్కడం, చర్మానికి కేన్సర్ రావడం 1887లో జొనాథన్ హచిన్సన్ గమనించాడు. తరువాత 1910లో ఎర్లిక్ ప్రయోగశాల నుంచి వచ్చిన సాల్వర్సాన్, పెన్సిలిన్ వచ్చేదాకా సిఫిలిస్ రోగులకు దిక్కయింది. ఒక రకం రక్త కేన్సర్‌కు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ నేటికీ మేలైన మందు. చైనాలోని హార్బిన్ వైద్యులు 1970లలో ఆ దారి చూపారు.

హచిన్సన్ చూసిన ఆ అరచేతులే 1983లో కలకత్తాలో డాక్టర్ కె.సి. సాహా ముందుకు వచ్చాయి. ఈసారి రోగులు మందు తాగినవారు కారు, మంచినీళ్ళు తాగిన పల్లెవాసులు. చెరువునీటి వల్ల వచ్చే కలరా, అతిసారాలను తప్పించాలని బెంగాల్ పల్లెల్లో గొట్టపుబావులు వేశారు. ఉద్దేశం మంచిదే, ప్రాణాలూ నిలిచాయి. కాని నేల పొరల్లోని ఆర్సెనిక్ ఆ నీటిలో కరిగి ఉందని ఎవరూ పరీక్షించి చూడలేదు. నల్గొండ ఫ్లోరైడ్ గోడు ఎరిగిన మనకు ఆ పల్లెల బాధ వేరే చెప్పనక్కరలేదు.

లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములకు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గాని ఆర్సెనిక్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత కాస్త పెరుగుతుంది కూడా. కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు, పరీక్ష ఒక్కటే మార్గం. బంగ్లాదేశ్‌లో అలా పరీక్షించి, విషమున్న బోరింగులకు ఎర్రరంగు, లేనివాటికి ఆకుపచ్చరంగు వేశారు. కొన్ని ఊళ్ళలో ఆ రెండు రంగులూ ఇరుగుపొరుగు ఇళ్ళలోనే కనిపించాయి.