హిరోషిమా గెన్ – ఇంగ్లీషు అనువాదం

అనువాదం బాగుందా లేదా అని తేల్చవలసి వచ్చినప్పుడు మన విమర్శకులు సాధారణంగా రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకొని మాటకు మాట సరిచూస్తారు. ఆ పద్ధతి తప్పు కాదు గాని అది చాలదు. ఒక గ్రంథం పరదేశానికి వెళ్లినప్పుడు అందులో ఎంత భాగం వెళ్లింది, ఎన్నాళ్లకు వెళ్లింది, దాన్ని మోసుకుపోయినవారెవరు అన్న ప్రశ్నలు కూడా అనువాద గుణాన్ని నిర్ణయిస్తాయి. కెయిజీ నకజావా రాసి, గీసిన జపనీసు బొమ్మల కథ ‘హదాషి నో గెన్’కు ఇంగ్లీషులో పట్టిన గతిని చూస్తే ఈ సంగతి విశదమవుతుంది. ‘హదాషి నో గెన్’ అంటే చెప్పుల్లేని గెన్. ఇంగ్లీషులో ‘బేర్‌ఫుట్ గెన్’ అన్నారు.

జపాన్‌లో ఇటువంటి బొమ్మల కథల్ని ‘మాంగా’ అంటారు. బొమ్మల కథ అనగానే పెదవి విరిచే పండితులు మనలో లేకపోలేదు. నేనూ మొదట పిల్లల పుస్తకమనుకొని పక్కన పెట్టబోయినవాణ్ణే. తరువాత జపనీసు తెలిసిన ఒక మిత్రుణ్ణి బతిమాలి కూర్చోబెట్టుకొని, మూలాన్నీ ఇంగ్లీషు సంపుటాలనూ ఎదురెదురుగా పెట్టి చదివించుకున్నాను. ఈ వ్యాసంలోని జపనీసు పరిజ్ఞానమంతా ఆయనది, తీర్పులు నావి.

నకజావా 1939లో హిరోషిమాలో పుట్టాడు. 1945 ఆగస్టు 6 ఉదయం బడి గేటు దగ్గర నిలబడి వుండగా బాంబు పడింది. పక్కనున్న కాంక్రీటు గోడ అడ్డుపడి ఆరేళ్ల కుర్రవాణ్ణి కాపాడింది. తండ్రి, అక్క, తమ్ముడు ఆనాడే చనిపోయారు. తల్లి ఆనాడే ఒక ఆడపిల్లను కన్నది, ఆ పసిగుడ్డు కొద్ది నెలలే బతికింది. తండ్రి చిత్రకారుడు, యుద్ధాన్ని వ్యతిరేకించి జైలుకు వెళ్లినవాడు. 1966లో తల్లి మరణించినప్పుడు దహనం తరువాత ఏరుకోవడానికి ఎముక కూడా మిగలలేదు, బూడిద మాత్రమే మిగిలింది. రేడియేషన్ తల్లి ఎముకల్ని కూడా తినేసిందన్న కోపంలోనుంచే తన బాంబు కథలు పుట్టాయని నకజావా చెప్పుకున్నాడు. 1968లో నల్లవాన మీద ఒక కథ, 1972లో ‘ఒరె వా మితా’ – ‘నేను చూశాను’ – అనే ఆత్మకథ, 1973లో గెన్ వచ్చాయి.

బాంబు పడిన 1945కూ గెన్ పుట్టిన 1973కూ నడుమ ఇంత దూరం ఎందుకు వచ్చింది? 1945 సెప్టెంబరు నుంచి అమెరికన్ ఆక్రమణ ప్రభుత్వం జపాన్ పత్రికల మీద పెట్టిన ఆంక్షలు ఒక కారణం. 1952లో ఆక్రమణ ముగిసేదాకా బాంబు బాధితుల గోడు స్వేచ్ఛగా అచ్చుకెక్కలేదు. ఆ తరువాత కూడా బాధితుల్ని అంటరానివాళ్లుగా చూసిన జపాన్ సమాజం వారి నోరు నొక్కింది.

గెన్ మొదట ‘షోనెన్ జంప్’ అనే పిల్లల వారపత్రికలో వచ్చింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయే వ్యాపార పత్రిక అది. 1974లో అక్కడ ఆగిపోయింది. తరువాత ‘షిమిన్’ అనే పత్రికలోకి, 1977 నుంచి జపాన్ కమ్యూనిస్టు పార్టీ వారి ‘బుంకా హ్యోరోన్’లోకి, 1980లలో ఉపాధ్యాయ సంఘం వారి ‘క్యోయికు హ్యోరోన్’లోకి మారింది. పాఠకులు మారిన కొద్దీ కథ రాజకీయ స్వరం కూడా మారింది. తొలి భాగాలు ఒక కుటుంబం కథ. మలి భాగాల్లో చక్రవర్తి బాధ్యత, ఆక్రమణ సైన్యం, బాధితులకు మందు ఇవ్వకుండా పరీక్షలు మాత్రం చేసిన అమెరికన్ వైద్య సంస్థ, కొరియా యుద్ధం, ఆసియా దేశాల్లో జపాన్ సైన్యం చేసిన ఘాతుకాలు – ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఇంగ్లీషు అనువాదం ఏ ప్రచురణ సంస్థా తలపెట్టింది కాదు. 1976లో అమెరికా ఖండం అడ్డంగా శాంతియాత్ర నడిచింది. ఆ నడకలో పాల్గొన్న జపనీసు యువకుల్ని తోటి నడకరులు హిరోషిమా సంగతి అడిగేవారు. వాళ్ల సంచిలో గెన్ ప్రతి వుంది. ఇది ఇంగ్లీషులో రావాలని అమెరికన్లు పట్టుబట్టారు. జపాన్ తిరిగి వచ్చాక టోక్యోలో ‘ప్రాజెక్ట్ గెన్’ అనే స్వచ్ఛంద బృందం ఏర్పడింది. 1978లో మొదటి సంపుటం వెలువడింది. అప్పటికి పశ్చిమ దేశాల్లో మాంగా అనే మాటే ఎవరికీ తెలియదు.

వారి ఇంగ్లీషు ఎలా వుంది? సూటిగా, పొట్టి వాక్యాలతో వుంది. అక్కడక్కడ బిర్రుగా వుంది. సాహిత్య సౌరభం కోసం వెదికితే నిరాశే. కాని బొమ్మలోని నోటినుంచి వచ్చే మాటకు సౌరభం కంటే బిగువు ముఖ్యం, ఆ బిగువు వుంది. పోయినదల్లా యాస. గెన్ హిరోషిమా యాసలో మాట్లాడతాడు. తనను తాను ‘వాషి’ అనుకుంటాడు. టోక్యో శిష్టభాషలో అది ముసలివాళ్ల ‘నేను’, హిరోషిమాలో మాత్రం కుర్రవాళ్ల నోట కూడా వస్తుంది. ఇంగ్లీషులో ఆ ‘వాషి’ ఉత్త ‘ఐ’ అయింది. ‘కన్యాశుల్కం’లో పాత్రలన్నిటిచేతా రేడియో వార్తల తెలుగు మాట్లాడిస్తే ఏమి మిగులుతుందో ఊహించుకోండి, ఇక్కడ పోయినదీ అదే. ఏ అమెరికన్ యాసనైనా తెచ్చిపెడితే ఇంతకంటే అన్యాయమయ్యేదన్న వాదం వుంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

గోధుమ సంగతి మరొకటి. తండ్రి పిల్లలకు పదే పదే చూపించే పోలిక అది. చలికాలంలో కాళ్ల కింద తొక్కిన పైరే వేరు గట్టిపడి నిటారుగా లేస్తుందని ఆ పోలిక సారం. జపాన్ రైతులు నిజంగానే లేత పైరును వరుసగా తొక్కుకుంటూ పోతారు, అది సేద్యంలో ఒక పని. ఇంగ్లీషులో మాట చేరింది గాని పని చేరలేదు. రైతు చేసే పని కాస్తా కవి వేసిన ఉపమ అయిపోయింది.

ఇంకా గట్టి చిక్కు ‘హికొకుమిన్’ దగ్గర వచ్చింది. యుద్ధం వద్దన్న తండ్రినీ ఆయన పిల్లలనూ వీధి వీధంతా ఆ మాటతో తిడుతుంది. ఇంగ్లీషులో అది ద్రోహి అనే మాటగా మారింది. ద్రోహి అంటే ఏదో ఒక పని చేసినవాడు, చేయలేదని వాదించుకోవచ్చు. హికొకుమిన్ అంటే అసలు ఈ జాతిలోని మనిషే కాడని వెలివేయడం. దానికి వాదన లేదు, రేషను బియ్యం కూడా లేదు. ఫాసిజం మనుషుల్ని ఎలా వేరుచేస్తుందో ఆ ఒక్క మాటలో వుంది. అది ఇంగ్లీషులోకి రాలేదు.

ఇందుకు ఎదురుగా మరొక మాట చూడండి. గెన్ కుటుంబానికి ఆపదలో ఆదుకునే పొరుగువాడు కొరియావాడు. మూలంలో ఆయన పేరు ‘బోకు’. ‘పాక్’ అనే కొరియన్ ఇంటిపేరును జపనీసు పద్ధతిలో పలికితే బోకు అవుతుంది. వలసపాలకులు బానిసల పేర్లను కూడా తమ నోటికి తగినట్టు వంచుకున్నారన్నమాట. ఇంగ్లీషు అనువాదకులు ఆయన్ను ‘మిస్టర్ పాక్’ అన్నారు. మనిషికి తన పేరు తనకు తిరిగి దక్కింది. కాని ప్రేమగా పిలిచే గెన్ కూడా పాలకుల ఉచ్చారణలోనే పిలుస్తున్నాడన్న చేదు నిజం దానితోపాటే తుడిచిపెట్టుకుపోయింది. ఇది మెరుగా, నష్టమా? రెండూను.

ధ్వనుల విషయంలో ఇంగ్లీషు నిస్సహాయమైన భాష. హిరోషిమా జనం బాంబుకు పెట్టిన పేరు ‘పికాదోన్’. ‘పికా’ మెరుపు, ‘దోన్’ మోత. ‘పికాపికా’ అంటే మన తళతళ. కన్ను చూసినదాన్ని చెవికి వినిపించే ఇటువంటి జంటమాటలు మనకు కొల్లలు. తళతళ, మిలమిల, గజగజ – వీటికి నిఘంటువు అక్కరలేదు. తెలుగువాడు ఈ కథను నేరుగా జపనీసునుంచి తెచ్చుకుంటే ఇంగ్లీషువాడు పడిన తిప్పల్లో సగం పడనక్కరలేదని నా నమ్మకం.

ఇక బొమ్మల సంగతి. జపనీసు పుస్తకం కుడినుంచి ఎడమకు సాగుతుంది. ఇంగ్లీషు పాఠకుడికి ఇబ్బంది కలగకూడదని పుటల్ని అద్దంలో ప్రతిబింబంలా తిప్పి అచ్చువేశారు. కుడిచేతివాళ్లు ఎడమచేతివాళ్లయ్యారు. అది చిన్న సంగతి. కిమోనో కట్టేటప్పుడు జపాన్‌లో ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి మాత్రమే. పుట తిరగబడగానే కిమోనో కట్టిన ప్రతి మనిషీ బతికుండగానే శవం ముస్తాబులో కనిపిస్తాడు. ఆగస్టు 6కు ముందు పుటల్లో ఇది చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అనువాదకులు కోరి చేసింది కాదు, పాఠకుడి సౌఖ్యం చేయించింది. 2002 ప్రాంతాన అమెరికన్ వ్యాపార సంస్థలు పుటలు తిప్పడం మానేసి అదే అసలైన మాంగా అని ప్రచారం చేసుకున్నాయి. తిప్పే ఖర్చు కూడా మిగిలిందని వేరే చెప్పనక్కరలేదు.

ఇన్ని లోపాలూ ఒక ఎత్తు, సంపుటాల లెక్క ఒక ఎత్తు. మూలం పది సంపుటాలు. 1990ల నడుమ నాటికి ఇంగ్లీషులో వచ్చినవి నాలుగు. అంటే బాంబు, శవాలు, ఆకలి, మొదటి గుడిసెలు వచ్చాయి. ఆక్రమణదారు రాలేదు, చక్రవర్తి మీద నేరారోపణ నిండుగా రాలేదు, కొరియా యుద్ధంతో బలిసిన వర్తకుడు రాలేదు. తొలి సంపుటంలో తండ్రి నోట యుద్ధవ్యతిరేకత వున్న మాట నిజమే. అయినా ఇంగ్లీషు పాఠకలోకం చాలాకాలం గెన్‌ను ఒక కన్నీటి కథగానే చదువుకుంది. ఎవరి మీదా కోపం రానవసరంలేని కన్నీరు అది. మలి తరం ‘ప్రాజెక్ట్ గెన్’ సభ్యులు కొత్తగా పూనుకొని, కనజావా పట్టణం కేంద్రంగా అనువాదాన్ని సాగించారు. లాస్ట్ గాస్ప్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థ 2004 నుంచి అచ్చువేయగా, 2010 నాటికి పది సంపుటాలూ పూర్తయ్యాయి. మొదటి సంపుటానికీ చివరిదానికీ నడుమ ముప్ఫై ఏళ్లు దాటాయి.

ఆలస్యానికి కారణం కుట్ర అని నేననను. చేతిలో డబ్బులేని స్వచ్ఛంద బృందం, కొనేవాళ్లు కరువైన పుస్తకం. కాని ఇంగ్లీషుకు చివరగా చేరిన భాగం ఏదో, జపాన్ అధికారులకు కంటగింపైన భాగమూ అదే కావడం గమనించదగ్గది. నకజావా 2012 డిసెంబరులో కన్నుమూశాడు. అదే నెలలో మత్సుఎ పట్టణ విద్యాధికారులు బడి గ్రంథాలయాల్లో గెన్ సంపుటాలను పిల్లలకు అందకుండా లోపల పెట్టమన్నారు. జపాన్ సైనికుల ఘాతుకాల బొమ్మలు పిల్లలకు తగవని సాకు. దేశమంతటా నిరసన రేగి 2013 ఆగస్టులో ఆ ఆజ్ఞ వెనక్కు తీసుకోవలసి వచ్చింది. పదేళ్ల తరువాత, 2023లో, హిరోషిమా నగర విద్యామండలి తన శాంతి పాఠాల్లోనుంచి గెన్‌ను తొలగించింది. జబ్బు తల్లికోసం పిల్లలు చెరువులో చేప దొంగిలించే ఘట్టం ఈనాటి పిల్లలకు అపార్థం కలిగిస్తుందట, వీధిలో పాట పాడి డబ్బు సంపాదించే ఘట్టం అర్థం కాదట.

లాస్ట్ గాస్ప్ వారు 2015లో చందాలు పోగుచేసి, అమెరికాలోని బడులకూ గ్రంథాలయాలకూ పంచడానికి పది సంపుటాలనూ గట్టి అట్టలతో మళ్లీ వేయ తలపెట్టారు. ఆ చేప ఘట్టం అందులో వుంది. దొంగిలిస్తున్న చెయ్యి మాత్రం ఎడమది.