రబ్బరు స్టాంపు: ఆఫీసు బల్ల నుంచి శుభాకాంక్షల కార్డు దాకా

రబ్బరు స్టాంపుకు కట్టుడు పళ్లతో చుట్టరికం ఉంది. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా కారుతుంది, చలికి బిర్రబిగుస్తుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే ఈ రెండు జబ్బులూ పోతాయని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. 1844లో పేటెంటు తీసుకున్నాడు. వల్కనైజేషన్ అంటే ఇదే. గంధకం పాలు బాగా పెంచితే రబ్బరు కొమ్ములా గట్టిపడుతుంది. 1850ల తర్వాత దంతవైద్యులు ఈ గట్టి రబ్బరుతో కట్టుడు పళ్ల కింది చిగుళ్లను తయారు చేయసాగారు. బంగారు సెట్టు కొనే స్తోమత లేనివాళ్లకు అది వరమే అయింది. దంతవైద్యుల గదుల్లో రబ్బరును ఉడికించే చిన్న ఆవిరి పాత్ర మామూలు సామాను అయిపోయింది.

గట్టి రబ్బరుతో పళ్ల సెట్లు చేసినందుకు లైసెన్సు రుసుము కట్టాలని ఆ పద్ధతి పేటెంటు చేతిలో ఉన్న కంపెనీ వైద్యుల వెంటపడింది. ఆ తగాదా ఎంత ముదిరిందంటే, కంపెనీ కోశాధికారి జోసయ్య బేకన్‌ను 1879లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక దంతవైద్యుడు కాల్చి చంపాడు.

తొలి రబ్బరు స్టాంపు ఎవరు చేశారన్నది మాత్రం తేలని పంచాయితీ. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌కు చెందిన జేమ్స్ వుడ్రఫ్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. 1860ల నడుమ అతను దంతవైద్యుడైన తన బంధువు సాయంతో ప్రయత్నాలు చేశాడంటారు. ఇల్లినాయ్‌కు చెందిన విదరెల్ కూడా ఆ ఘనత తనదేనన్నాడు. ఎవరు ముందైనా పద్ధతి ఒకటే. సీసపు అక్షరాలు పేర్చి, బిగించి, వాటి మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముద్దను అదుముతారు. ఆరాక అక్షరాలు గుంటలుగా పడిన అచ్చు మిగులుతుంది. దాని మీద గంధకం కలిపిన మెత్తని రబ్బరు రేకు పరిచి, మరలతో నొక్కిపట్టి, ఆవిరి పాత్రలో ఉంచుతారు. వేడికి రబ్బరు గుంటల్లోకి దిగి, ఆ ఆకారంలోనే స్థిరపడుతుంది. అచ్చు నుంచి ఊడదీసి, పేరుకు పేరు కత్తిరించి, కొయ్య పిడికి అంటిస్తే స్టాంపు సిద్ధం. పెద్ద కార్ఖానా, భారీ పెట్టుబడి అక్కర్లేదు. ఈ పని నేర్పడానికే టి. ఓ'కానర్ స్లోన్ 1891లో ఒక పుస్తకం రాశాడు.

సిరా సంగతి వేరుగా చెప్పుకోవాలి. లోహపు ముద్రలకు నూనె సిరా సరిపోతుంది గానీ నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రబ్బరు స్టాంపు నిలదొక్కుకుందంటే అందుకు 1856 తర్వాత వచ్చిన అనిలిన్ రంగులు కూడా కారణం. అవి నీళ్లలో కరుగుతాయి. వాటికి గ్లిజరిన్ కలిపితే గాలిలోని తేమను పట్టుకుని ప్యాడు నెలల తరబడి ఆరకుండా ఉంటుంది. ఆ రంగుల్లో చవకైన ఊదా ఆఫీసు స్టాంపుకు గుర్తుగా స్థిరపడిపోయింది.

అచ్చు గుద్దడం తెలుగు నేలకు కొత్తేమీ కాదు. మచిలీపట్నం, పెడన కలంకారీలో టేకు దిమ్మ మీద చెక్కిన అచ్చులతో బట్ట మీద ముద్ర వేస్తారు. అయితే రెండింటికీ ఒక కీలకమైన తేడా ఉంది. కొయ్య అచ్చు గట్టిది కాబట్టి బట్ట కింద బల్ల మీద మెత్తగా పరుపు వేయాలి. రబ్బరు స్టాంపు మెత్తదనాన్ని తనతోనే తెస్తుంది. రబ్బరుకూ పిడికీ మధ్య పలుచని స్పాంజి పొర కూడా పెడితే గట్టి బల్ల మీది కాగితంపైనా గీత తెగకుండా పడుతుంది. కార్డుల పనికి రబ్బరు అంతగా ఒదిగింది ఇందుకే.

కార్డుల కథ దీనితో సంబంధం లేకుండా మొదలైంది. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా వచ్చింది. 1843లో హెన్రీ కోల్ అనే ఆయన చిత్రకారుడు జాన్ హార్స్‌లీ చేత క్రిస్మస్ కార్డు గీయించి అచ్చు వేయించాడు. దాని ధర ఒక షిల్లింగు, అంటే ఉత్తరం పంపే ఖర్చుకు పన్నెండు రెట్లు. ఇక చేతితో కార్డులు చేయడాన్ని వ్యాపారంగా నిలబెట్టిన వాళ్లలో ముందు చెప్పుకోవలసింది మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కు చెందిన ఎస్తర్ హౌలండ్ గురించి. 1840ల చివర ఆమె లేసు కాగితం, రంగు బొమ్మలు తెప్పించి ఇంట్లోనే వాలెంటైన్ కార్డులు తయారు చేసింది. ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, ఒకరు కత్తిరించడం, ఒకరు అంటించడం అన్నట్టు పని పంచింది. 1881లో వ్యాపారాన్ని అమ్మేసింది.

స్టాంపు ఆఫీసు గుమ్మం దాటి బయటికి రావడం కళాకారుల చలవే. 1919లో జర్మనీలో కుర్ట్ ష్విటర్స్ ఆఫీసు స్టాంపులను గుద్ది బొమ్మలు చేశాడు. రుమేనియాలో పుట్టిన సాల్ స్టైన్‌బర్గ్ 1941లో ఇటలీ నుంచి తప్పించుకునేటప్పుడు తన పాస్‌పోర్టు మీద సొంతంగా చేసుకున్న రబ్బరు ముద్ర వేసుకున్నాడు. తర్వాత అమెరికాలో పేరు సంపాదించాక అధికార పత్రాలను వెక్కిరించే నకిలీ ముద్రలతోనే చిత్రాలు గీశాడు. 1960లలో రే జాన్సన్ చుట్టూ చేరిన కళాకారులు కవర్ల మీద స్టాంపులు గుద్ది తపాలాలో ఒకరికొకరు పంపుకున్నారు. అధికారానికి గుర్తయిన వస్తువును ఆటబొమ్మ చేయడంలోని కొంటెతనమే తర్వాత ఇళ్లలో పాకిన స్టాంపుల అభిరుచికి విత్తనం. 1978లో రబ్బరు స్టాంపుల ఆల్బమ్ ఒకటి పుస్తకంగా, 1980లో 'రబ్బర్‌స్టాంప్‌మ్యాడ్‌నెస్' పత్రిక వచ్చాయి. 1988లో మొదలైన స్టాంపిన్ అప్ వంటి కంపెనీలు ఇళ్లలో చిన్న సమావేశాలు పెట్టి స్టాంపులు అమ్మాయి. అప్పటికి వెక్కిరింత పోయి పువ్వులూ పక్షులూ మిగిలాయి. కళకు అది నష్టమే, అమ్మకాలకు మాత్రం కాదు.

ఈ దశలోనే ఎంబోసింగ్ పొడి అందరికీ అందింది. నెమ్మదిగా ఆరే సిరాతో ముద్ర వేసి, తడి ఉండగానే పొడి చల్లి, మిగిలింది దులిపి, వేడిగాలి తగిలిస్తే పొడి కరిగి గీత ఉబ్బెత్తుగా మెరుస్తుంది. పెళ్లి శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద చేతికి తగిలే అక్షరాలను ప్రెస్సుల్లో వేసే పద్ధతుల్లో ఒకటి ఇదే. తర్వాత ఫోటోపాలిమర్ వచ్చింది. నెగటివ్ మీద ఈ ద్రవం పోసి అతినీలలోహిత కాంతి చూపితే, కాంతి పడిన చోటే గట్టిపడుతుంది. స్టాంపు పారదర్శకం కాబట్టి ముద్ర ఎక్కడ పడుతుందో చూస్తూ వేయవచ్చు. సన్నని గీతలకూ ఏళ్ల మన్నికకూ మాత్రం ఇప్పటికీ రబ్బరుదే పైచేయి.

తెలుగు పట్టణాల్లో కలెక్టరేట్ల, కోర్టుల చుట్టుపక్కల స్టాంపులు చేసిచ్చే కొట్లు ఉంటాయి. ఫోటోపాలిమర్ వాడే కొట్టుకు తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీసిన ముగ్గును ఇస్తే ఉగాది కార్డుకు సొంత స్టాంపు తయారవుతుంది. మొదలుపెట్టడానికి అలాంటి స్టాంపు ఒకటి, ఒక సిరా ప్యాడు, మందపాటి కాగితం చాలు. ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఒక్కో ముక్కను మడిస్తే రెండు కార్డులు వస్తాయి. స్టాంపును ప్యాడుకు తట్టి తట్టి సిరా ఎక్కించాలి, రుద్దకూడదు. కాగితం మీద నిటారుగా నొక్కి, కదల్చకుండా నిటారుగానే లేపాలి. కొన్న స్టాంపుతో చేసిన కార్డులను అమ్మాలనుకుంటే కంపెనీ షరతు చదువుకోవాలి: చేత్తో ముద్ర వేసిన కార్డులు అమ్ముకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, అదే బొమ్మను జిరాక్సు తీసి అమ్మడానికి ఒప్పుకోవు.