బట్టలు, చెప్పులు రాష్ట్రం దాటిస్తున్నారా? ఈ-వే బిల్లులో ఈ పొరపాట్లు చేస్తే లోడు రోడ్డు మీదే!

సూరత్‌లో చీరల బేళ్లు ఎక్కించుకున్న లారీ హైదరాబాద్ శివార్లలో ఆగిందనుకోండి. ఇన్‌వాయిస్ ఉంది. జీఎస్టీ పక్కాగా వేశారు. బేళ్ల లెక్క కూడా సరిపోయింది. కానీ ఈ-వే బిల్లులో ఉన్న నంబర్ ఒకటి, రోడ్డు మీదున్న బండి నంబర్ ఇంకొకటి. దారిలో గోడౌన్ దగ్గర లారీ మారింది, కొత్త నంబర్ ఎక్కించాలని ఎవరికీ గుర్తులేదు. అంతే, దసరా స్టాక్ షాపుకు రాకుండా అధికారుల దగ్గర ఉండిపోతుంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో సేల్స్ ట్యాక్స్ చెక్‌పోస్టులు పోయాయి. చెకింగ్ మాత్రం పోలేదు. గేటు దగ్గర ఆపి చూసే పని, 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు రూపంలో ఆన్‌లైన్‌కి మారింది. సరుకు కదలకముందే ఎవరు, ఎవరికి, ఏ సరుకు, ఏ బండిలో పంపుతున్నారో ప్రభుత్వానికి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రాష్ట్రం లోపల తిరిగే సరుకుకు కూడా అదే నెల 15 నుంచి మొదలైంది.

రూ.50 వేలు అంటే ట్యాక్స్‌తో కలిపి!

రాష్ట్రం దాటే సరుకు విలువ రూ.50 వేలు దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఈ లెక్కలో జీఎస్టీ కూడా కలుస్తుంది. రూ.48 వేల షర్టులకు 5 శాతం ట్యాక్స్ కలిపితే రూ.50,400. అంటే బిల్లు తియ్యాల్సిందే.

ఇంకో చిక్కు తమిళనాడు సరుకుతో. అక్కడ రాష్ట్రం లోపల తిరిగే సరుకుకు పరిమితి రూ.లక్ష. ఆంబూర్, వాణియంబాడి నుంచి చెప్పులు, షూస్ తెప్పించుకునే చిత్తూరు వ్యాపారికి అక్కడి సప్లయర్ 'లక్ష దాకా అక్కర్లేదు సార్' అన్నాడంటే, అది వాళ్ల రాష్ట్రంలో తిరిగే సరుకు మాట. సరిహద్దు దాటితే రూ.50 వేలే లెక్క.

రెండు సందర్భాల్లో ఈ రూ.50 వేల పరిమితి కూడా ఉండదు. ఒకటి జాబ్ వర్క్. ఎంబ్రాయిడరీకో, కుట్టుకో బట్టను వేరే రాష్ట్రానికి పంపితే రూ.5 వేల సరుకైనా ఈ-వే బిల్లు ఉండాలి. రెండోది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉన్న చేతివృత్తులవాళ్లు రాష్ట్రం దాటించే హస్తకళల సరుకు. ఢిల్లీ, బెంగళూరు ఎగ్జిబిషన్లకు స్టాల్ సరుకు తీసుకెళ్లేవాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి.

బిల్లులో రెండు ముక్కలు, తంటా అంతా రెండోదానితోనే

పార్ట్-ఏలో ఇన్‌వాయిస్ నంబర్, రెండు వైపులా జీఎస్టీ నంబర్లు, విలువ, హెచ్ఎస్ఎన్ కోడ్ ఉంటాయి. అల్లిన బట్టలు అంటే టీషర్టులు, లెగ్గింగ్స్ లాంటివి 61తో మొదలవుతాయి. నేసిన గుడ్డతో కుట్టిన షర్టులు, ప్యాంట్లు 62. దుప్పట్లు, టవల్స్ 63. చెప్పులు, షూస్ 64. ఇది అకౌంటెంట్ చూసుకునే పని, పెద్దగా తప్పు పోదు.

పార్ట్-బీలో బండి నంబర్ ఉంటుంది. మామూలుగా అది వేసేదాకా ఈ-వే బిల్లు పూర్తయినట్టు కాదు. ఒక్క వెసులుబాటు ఏంటంటే, మీ షాపు నుంచి అదే రాష్ట్రంలో 50 కిలోమీటర్ల లోపున్న ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్ దాకా వెళ్లే ఆటోకి పార్ట్-బీ అక్కర్లేదు. పార్ట్-ఏలో ట్రాన్స్‌పోర్టర్ ఐడీ వేసి వదిలేస్తే, లారీ ఎక్కించేటప్పుడు పార్శిల్ ఆఫీసు వాళ్లు బండి నంబర్ ఎక్కిస్తారు. ఎక్కిస్తారని మనం అనుకుంటాం! బండి బయల్దేరే ముందు ఈ-వే బిల్లు నంబర్ కొట్టి పార్ట్-బీ నిండిందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. దారిలో లారీ చెడిపోయి వేరే బండి ఎక్కించినా కొత్త నంబర్ పడాలి. రైల్లో వచ్చే సరుకుకు పార్ట్-బీ తర్వాత నింపుకోవచ్చు కానీ, స్టేషన్‌లో బిల్లు చూపిస్తేనే డెలివరీ ఇస్తారు.

గడువు సంగతి ఇంకా ముఖ్యం. ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు ఇస్తారు. 2021కి ముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి 2 రోజులు. సూరత్ నుంచి హైదరాబాద్‌కు 900 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి 5 రోజులు. పార్ట్-బీ నింపినప్పటి నుంచి లెక్క మొదలవుతుంది. మొదటి రోజు మర్నాటి అర్ధరాత్రితో ముగుస్తుంది. అంటే 10వ తేదీన తీసిన 5 రోజుల బిల్లు 15వ తేదీ అర్ధరాత్రి దాకా నడుస్తుంది. ఆలస్యమైతే గడువు అయిపోవడానికి 8 గంటల ముందు నుంచి, అయిపోయాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఆ 8 గంటలు దాటితే ఆ బిల్లు ఇక పనికిరాదు. 2025 జనవరి 1 నుంచి ఇంకో రూల్ కూడా ఉంది. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజులు దాటితే దాని మీద ఈ-వే బిల్లే రాదు.

అక్షరం తప్పు పడితే కూడా పట్టుకుంటారా?

లేదు. 2018 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన సర్క్యులర్ ఈ విషయంలో చాలా క్లియర్‌గా ఉంది. జీఎస్టీ నంబర్ సరిగ్గా ఉండి పేరులో స్పెల్లింగ్ తప్పినా, అడ్రస్ కరెక్ట్‌గా ఉండి పిన్‌కోడ్ తప్పినా (దాంతో గడువు పెరగకపోతే), బండి నంబర్‌లో ఒకటి రెండు అంకెలు తేడా వచ్చినా, హెచ్ఎస్ఎన్‌లో మొదటి రెండు అంకెలు, ట్యాక్స్ రేటు సరిపోయినా సరుకు పట్టుకుని పెద్ద పెనాల్టీ వెయ్యకూడదు. కేంద్ర చట్టం కింద రూ.500, రాష్ట్ర చట్టం కింద రూ.500, మొత్తం రూ.వెయ్యితో వదిలెయ్యాలి. ఈ సర్క్యులర్ కాపీ ఒకటి డ్రైవర్ దగ్గర ఉంచడం మంచిది. అధికారికి గుర్తు చెయ్యాల్సిన అవసరం రాకపోతే సంతోషమే.

గడువు దాటడాన్ని మాత్రం ఆ లిస్టులో పెట్టలేదు. చిన్న వ్యాపారికి ఇది కాస్త అన్యాయంగానే కనిపిస్తుంది. దీని మీద అందరూ చెప్పుకునే కేసు మన హైదరాబాద్‌దే. 2020 జనవరిలో నిరసనల వల్ల ట్రాఫిక్ ఆగిపోయి, ఓ పేపర్ వ్యాపారి సరుకు టైముకి డెలివరీ కాలేదు. మర్నాడు ఆదివారం. సోమవారం అదే ఊళ్లో డెలివరీకి వెళ్తుంటే బిల్లు గడువు అయిపోయిందని పట్టుకుని రూ.69 వేలు కట్టించారు. 2021లో తెలంగాణ హైకోర్టు ఆ డబ్బు వడ్డీతో వెనక్కి ఇమ్మంది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే సమర్థించి, ఖర్చులను కూడా రూ.69 వేలకు పెంచింది. గడువు దాటినంత మాత్రాన ట్యాక్స్ ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నట్టు కాదన్నది ఆ తీర్పు సారం. కాకపోతే ఆ వ్యాపారి చేతికి న్యాయం రావడానికి రెండేళ్లు పట్టింది.

పట్టుకుంటే ఎంత కట్టాలి?

2022 జనవరి 1 నుంచి లెక్క ఇది: సరుకు యజమాని ముందుకొస్తే, ఆ సరుకు మీద పడే ట్యాక్స్‌కు రెండింతలు పెనాల్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ.2,500 దాకా ధర ఉన్న డ్రెస్‌కు, జత చెప్పులకు 5 శాతం, అంతకు మించితే 18 శాతం జీఎస్టీ. కాబట్టి రూ.3 లక్షల మామూలు షర్టులైతే పెనాల్టీ రూ.30 వేలు. అదే రూ.3 లక్షల ఖరీదైన షూస్ అయితే రూ.1,08,000! యజమాని ముందుకు రాకపోతే సరుకు విలువలో సగం, లేదా ట్యాక్స్‌కు రెండింతలు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. బండిలో ఇన్‌వాయిస్ ఉంటే పంపినవాళ్లనో, తెప్పించుకున్నవాళ్లనో యజమానిగా ఒప్పుకోవాలని కేంద్రం సర్క్యులర్ ఉంది. అందుకే ఇన్‌వాయిస్ కాపీ లేకుండా బండి కదలనివ్వొద్దు.

ఇంకో సంగతి, వరుసగా రెండు పీరియడ్లు జీఎస్టీఆర్-3బీ వెయ్యకపోతే ఈ-వే బిల్లు తీసే సౌకర్యమే బ్లాక్ అవుతుంది. పండగ ముందు రోజు తెలిసే కంటే ఆడిటర్‌ని ఇప్పుడే అడగడం బెటర్.

విదేశాలకు పంపేవాళ్లకు

ఎగుమతి అయినా ఫ్యాక్టరీ నుంచి పోర్టు దాకా ఈ-వే బిల్లు కావాలి. కొనేవాళ్ల జీఎస్టీ నంబర్ దగ్గర యూఆర్‌పీ అని, పిన్‌కోడ్ 999999 అని, రాష్ట్రం దగ్గర ఇతర దేశాలు అని వేస్తారు. దిగుమతి చేసుకున్నవాళ్లు ఇన్‌వాయిస్ బదులు బిల్ ఆఫ్ ఎంట్రీ నంబర్ వేసి తామే తీసుకోవాలి. కస్టమ్స్ క్లియరెన్స్ కోసం పోర్టు నుంచి కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కు వెళ్లే సరుకుకు మాత్రం అక్కర్లేదు.

బండి ఆపితే ఏం చెయ్యాలి?

అరగంటకు మించి ఆపితే డ్రైవరో, ట్రాన్స్‌పోర్టరో పోర్టల్‌లో ఈడబ్ల్యూబీ-04 ఫారంలో ఆ విషయం ఎక్కించొచ్చు. ఈ హక్కు ఉందని చాలామంది డ్రైవర్లకు తెలీదు. ఒక రాష్ట్రంలో పూర్తిగా తనిఖీ అయిన సరుకును, ట్యాక్స్ ఎగవేత మీద ప్రత్యేక సమాచారం ఉంటే తప్ప, దారిలో మళ్లీ విప్పి చూడకూడదు. కాబట్టి తనిఖీ రిపోర్టు కాపీ దగ్గర పెట్టుకోవాలి.

సరుకు పట్టుకుంటే ఎంఓవీ-06 ఆర్డర్ ఇస్తారు. 7 రోజుల్లో ఎంఓవీ-07 నోటీసు, అది అందిన 7 రోజుల్లో ఎంఓవీ-09 ఆర్డర్ రావాలి. అప్పటికప్పుడు డబ్బు కట్టలేకపోతే బ్యాంకు గ్యారంటీ ఇచ్చి కూడా సరుకు విడిపించుకోవచ్చు. సీజన్ పోతుందన్న భయంతో ఎక్కువమంది అడిగింది కట్టేసి సరుకు తీసుకెళ్లిపోతారు. అలా కట్టినా సరే, ఎంఓవీ-09 ఆర్డర్ అడిగి తీసుకోండి. డబ్బు కట్టారు కదా అని ఆర్డర్ ఇవ్వకపోవడం కుదరదని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. అప్పీలు వెయ్యాలంటే ఆ కాగితమే ఆధారం. అప్పీలుకు ముందు పెనాల్టీలో 10 శాతం కట్టి ఉండాలి.