కూపరేజ్‌లో ఓటమి లేని ఐదేళ్లు

1950 నుంచి 1954 దాకా బొంబాయి కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్ ఫైనల్ ముగిసిన ప్రతిసారీ కప్పు ఒకే జట్టు చేతికి వెళ్లింది. ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. కలకత్తా క్లబ్బులు వచ్చాయి, బొంబాయి మిల్లుల, కంపెనీల జట్లు వచ్చాయి, సైనిక జట్లు వచ్చాయి. ఐదేళ్లపాటు ఆ టోర్నీలో హైదరాబాద్ పోలీసులను ఓడించి ఇంటికి పంపగలిగిన వాళ్లు మాత్రం రాలేదు. 1891లో బ్రిటిష్ సైనికుల కోసం మొదలైన రోవర్స్ కప్ 2000-01 సీజన్‌తో ఆగిపోయింది. ఆ నూట పదేళ్ల చరిత్రలో వరసగా ఐదుసార్లు గెలిచిన జట్టు అదొక్కటే.

ఈ ఘనత తెలుగు నేలకు చెందినదని ఇక్కడ చాలామందికి తెలియదు. మన వరంగల్ అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. అంటే ఆ కప్పులు మన రాష్ట్రం పేరు మీదే వచ్చాయి. అయినా రోవర్స్ కప్ ఊసు ఇక్కడ పెద్దగా వినిపించదు. కూపరేజ్‌లో ఆడిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ల పేర్లు చెబితే గుర్తుపట్టే కుర్రాళ్లు హనుమకొండ స్టేడియంలో ఎంతమంది ఉంటారు? అసలు ఆ ఐదేళ్లు ఎలా సాధ్యమయ్యాయో తెలుసుకోవాల్సింది ముందుగా వాళ్లే.

ఫుట్‌బాల్‌లో ఓటమి లేని సీజన్ అనగానే ప్రపంచమంతా రెండు పేర్లు చెబుతుంది. ఒకటి ఇంగ్లండ్‌లో మొట్టమొదటి లీగ్ సీజన్ 1888-89లో ప్రెస్టన్ నార్త్ ఎండ్. ఆ జట్టు 22 మ్యాచుల్లో 18 గెలిచి, 4 డ్రా చేసుకుంది. అదే ఏడాది ఎఫ్ఏ కప్‌ను ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా గెలిచింది. రెండోది 2003-04లో ఆర్సెనల్. 38 మ్యాచుల్లో 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. ఈమధ్య 2023-24లో జర్మనీలో బేయర్ లెవర్కూసెన్ ఆ వరసలో చేరింది. 34 లీగ్ మ్యాచుల్లో ఒక్కటీ ఓడలేదు. యూరోపా లీగ్ ఫైనల్లో మాత్రం అటలాంటా చేతిలో 3-0తో ఓడింది.

హైదరాబాద్ కథను వీటి పక్కన పెట్టేటప్పుడు తేడా చెప్పడం న్యాయం. రోవర్స్ నాకౌట్ టోర్నీ. అందులో కప్పు గెలిచిన ఏ జట్టయినా ఆ ఏడాది ఓడకుండానే గెలుస్తుంది. లీగ్‌లో ఒక చెడ్డ రోజును మర్నాటి గెలుపుతో పూడ్చుకోవచ్చు, నాకౌట్‌లో ఆ వీల్లేదు. ఒక్క చెడ్డ రోజు వస్తే రైలెక్కి ఇంటికి రావాల్సిందే. అలాంటి టోర్నీలో ఐదేళ్లపాటు ఆ ఒక్క చెడ్డ రోజు రాకపోవడం మామూలు సంగతి కాదు. ఆ జట్టు ఎక్కడా ఓడలేదని కూడా అనలేం. 1952 డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 1-0తో వాళ్లను ఓడించింది. కూపరేజ్‌లో మాత్రం ఎదురులేదు.

ఈ జట్టు మొలకెత్తింది సికింద్రాబాద్ కంటోన్మెంట్ నీడలో. ఇంగ్లిషు సైనికులు పరేడ్ మైదానాల్లో బంతి తన్నుతుంటే చుట్టుపక్కల పిల్లలు చూసి నేర్చుకున్నారు. నిజాం సైన్యం, పోలీసు, రైల్వే, విద్యాసంస్థలు తమ తమ జట్లను కూర్చుకున్నాయి. సిటీ పోలీస్ జట్టు 1939లో పుట్టింది. 1943లో బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించేసరికి దేశం దాని పేరు వింది. తెల్లవాళ్ల ఆటలో తెల్లవాళ్లను ఓడించడం ఆ రోజుల్లో ఊరంతా చెప్పుకున్న విషయం.

పోలీసు జట్టు అంటే ఏమిటో ఈ కాలం పాఠకులకు కొంత వివరించాలి. అప్పట్లో భారతదేశంలో ఫుట్‌బాల్ ఆటగాడికి ఆట పేరుతో జీతం ఇచ్చే పద్ధతి బాహాటంగా లేదు. కాగితాల మీద అందరూ అమెచ్యూర్లే. జీతం ఉద్యోగం రూపంలో వచ్చేది. బాగా ఆడే కుర్రాణ్ని పోలీసు శాఖలోకి తీసుకునేవాళ్లు. యూనిఫాం, నెల జీతం, ప్రాక్టీసుకు సమయం, టోర్నీలకు వెళ్లడానికి సెలవు దొరికేవి. పేద ఇళ్ల పిల్లలకు ఇంతకంటే పెద్ద ఆసరా లేదు. క్లబ్బు డబ్బుతో నడిచే జట్టు రేపు ఎక్కువిచ్చే వాళ్ల దగ్గరికి చెదిరిపోవచ్చు. ఉద్యోగం మీద నిలిచిన జట్టు ఏళ్ల తరబడి కలిసి ఉంటుంది. ఆ ఐదు కప్పులకు అసలు పునాది ఈ నిలకడేనని నమ్మకంగా చెప్పొచ్చు. ఒకే హాఫ్ లైను, ఒకే డిఫెన్సు ఏళ్లపాటు కలిసి ఆడితే పక్కవాడు ఎటు కదులుతాడో చూడకుండానే తెలుస్తుంది.

పునాది మీద ఇల్లు కట్టింది ఒక బడిపంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. కాచిగూడ మిడిల్ స్కూలుతో మొదలుపెట్టి నగరంలోని పలు బడుల్లో పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ ఆయన చేతికొచ్చింది. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. దాదాపు అదే కాలంలో భారత జట్టు కోచ్ బాధ్యత కూడా ఆయనకే వచ్చింది.

రహీం సాబ్ చేసిన పని చూస్తే బడిపంతులు ఎక్కడికక్కడ కనిపిస్తారు. నగరంలోని పిల్లల కోసం ఆయన చిత్రమైన పోటీలు పెట్టేవారు. వాటిలో ఒకటి డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నీ. అంతకుముందు ఆటగాడి గొప్పతనం ఎంతమందిని తప్పించుకుని ఒంటరిగా బంతితో పోయాడన్న దాన్నిబట్టి ఉండేది. మైదానం చుట్టూ నిలబడ్డ జనం చప్పట్లు కొట్టేదీ దానికే. రహీం టోర్నీలో బంతి అందగానే ఇంకొకడికి పంపాలి. అంటే కుర్రాడు బంతి తన కాలికి తగిలేలోపే తలెత్తి ఎవరెక్కడ ఉన్నారో చూసుకోవాలి. పాస్ ఇచ్చినవాడు అక్కడే నిలబడిపోతే ఆట ఆగిపోతుంది కాబట్టి వెంటనే ఖాళీ జాగాలోకి పరుగు తీయాలి. ఇంకో రకం పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం పిల్లవాడు మ్యాచంతా ఎడమకాలితో తంటాలు పడతాడు. మొదటి రోజు బంతి పక్కకు పోతుంది, జనం నవ్వుతారు. కొన్నాళ్లకు ఆ కాలు కూడా దారికొస్తుంది. ఇలా తయారైన ఆటగాడికి ఎదుటి డిఫెండర్ ఏ వైపు అడ్డం నిలవాలో తోచదు.

ఇదంతా యూరప్‌లో కోచింగ్ పుస్తకాలు దొరికే చోట జరగలేదు. అందుబాటులో ఉన్న మైదానాల్లో, సొంత ఆలోచనతో జరిగింది. మనదేశంలో ఫుట్‌బాల్ శిక్షణకు ఒక పద్ధతంటూ ఏర్పడింది రహీం సాబ్‌తోనే అంటే అతిశయోక్తి కాదు.

ఫలితం 1950లోనే కనిపించింది. ఆ ఏడాది రోవర్స్ గెలిచారు. దేశ విభజన, యుద్ధాల కారణంగా ఆగిపోయి ఢిల్లీలో మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్ ఫైనల్‌కూ చేరారు. అవతల మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ 2-2తో తేలలేదు. మళ్లీ ఆడించారు, పోలీసులు 1-0తో గెలిచారు. ఒకే సీజన్లో దేశంలోని రెండు పెద్ద కప్పులు హైదరాబాద్ చేరాయి. 1954లో మళ్లీ రెండూ గెలిచారు, 1957-58లో మూడోసారి గెలిచారు.

మధ్యలో ఒక చేదు పాఠం ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. చలికి, తడి నేలకు ఒట్టి కాళ్లు ఏం చేయగలవు? ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. అప్పటికి జట్టు కోచ్ రహీమే. ఆ ఓటమితో ఆయన నీరసపడిపోకుండా ఆట తీరునే మార్చారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనక్కి లాగి, ముందున్న జాగాలోకి ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లను పంపే పద్ధతి అలవాటు చేశారు. హంగరీ జట్టు అదే పద్ధతితో ప్రపంచాన్ని అబ్బురపరిచిన కాలమది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం సాధించింది. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టారు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అందరూ హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్లే. ఒక నగరం నుంచి ఒలింపిక్ జట్టుకు ఇంతమంది వెళ్లారంటే అక్కడ ఆట ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుస్తుంది.

వీళ్లలో బలరాం కథ ఆగి చెప్పుకోవాల్సింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టారు. ఇంట్లో బూట్లు కొనే స్థోమత లేదు. పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషి దగ్గర ఆటకు పనికొచ్చేలా చేయించుకున్నారు. ప్రాక్టీసుకు రోజూ నగరంలోకి రావడానికి చేతిలో డబ్బుల్లేవని చెబితే, సైకిల్ అద్దెకు రహీం సాబ్ డబ్బిచ్చారు. ఆ కుర్రాడే 20 ఏళ్ల వయసులో ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. 1959లో ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారిన జట్టు ఆయన పోయిన సీజన్లో కూడా రోవర్స్ గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నదానితో కలిపి మొత్తం తొమ్మిది రోవర్స్ కప్పులు. ఆ తర్వాత మళ్లీ రోవర్స్ రాలేదు. రాష్ట్ర జట్టు 1965-66లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ తరం చివరి పెద్ద విజయం.

ఈ క్షీణతకు కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కలకత్తా క్లబ్బులు పెద్ద మొత్తాలు ఇవ్వసాగాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. తర్వాత ఇక్కడి ఆటగాళ్లు నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీనే కెప్టెన్. ఆటగాళ్ల పుట్టుక ఆగలేదు, వాళ్లను ఇక్కడే ఉంచుకోగలిగిన ఏర్పాటు ఆగిపోయింది. రహీం తర్వాత ఆ స్థాయిలో బడి పిల్లల్ని పట్టి తీర్చిదిద్దే మనిషీ రాలేదు. ఇది బాధ కలిగించే విషయం. కప్పులు పోయినందుకన్నా, ఆ చిత్రమైన టోర్నీలు ఆగిపోయినందుకు ఎక్కువ బాధపడాలి.

ఈ శతాబ్దంలో హైదరాబాద్‌కు మళ్లీ పెద్ద క్లబ్బు వచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2020-21 సీజన్ చివర వరసగా 12 మ్యాచులు ఓడకుండా ఆడింది. అయినా డ్రాలు ఎక్కువై ఐదో స్థానంలో ఆగింది. మరుసటి ఏడాది, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపారు. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచిన 2022లోనే ఓటమి లేని సీజన్ అనే మాట తెలుగు నేలను రెండు రకాలుగా తాకింది. ఐ-లీగ్‌లో గోకులం కేరళ పురుషుల జట్టు 21 మ్యాచులు ఓడకుండా ఆడి టైటిల్‌కు ఒక్క డ్రా దూరంలో నిలిచినప్పుడు, మే 10న మన శ్రీనిధి దక్కన్ జట్టు 3-1తో ఓడించి ఆ పరంపర తెంచింది. ఆ నెలలోనే ఒడిశాలో జరిగిన మహిళల లీగ్‌లో గోకులం అమ్మాయిలు ఆడిన 11 మ్యాచులూ గెలిచి ఛాంపియన్లయ్యారు. ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. ఆ ఏడాదే ఆమె క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు ఆడింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. బలరాం లాగే ఆమె కూడా పేరు తెచ్చుకున్నది రాష్ట్రం బయటి క్లబ్బుల జెర్సీల్లోనే.