బ్రియోనీలో రెండు రోజులు

దక్షిణ ఢిల్లీలో చిరాగ్ ఢిల్లీ వైపు సాగే రద్దీ రహదారికి జోసిప్ బ్రోజ్ టీటో పేరు పెట్టారు. ఆ దారిన రోజూ వెళ్లేవారిలో ఎందరు ఆ పేరును తలచుకుంటారో గానీ, భారత విదేశాంగ విధానం గురించి దేశం చెప్పుకునే కథలో ఆయన లేని అధ్యాయం లేదు. నెహ్రూ, నాసర్, టీటో అనే ముగ్గురు మిత్రులు ఒక దీవిలో కలుసుకున్నారనీ, అలీనోద్యమం అక్కడే పుట్టిందనీ ఆ కథ చెబుతుంది. కలుసుకున్న మాట నిజం. పుట్టిందన్న మాట మాత్రం తర్వాత చేరింది.

ఆ దీవి బ్రియోనీ. మధ్యధరా సముద్రపు పాయ అయిన అడ్రియాటిక్‌లో, పూలా పట్టణానికి ఎదురుగా ఉన్న చిన్న దీవుల సముదాయంలో అది పెద్దది. 1893లో కూపెల్వీజర్ అనే ఆస్ట్రియా పారిశ్రామికవేత్త దాన్ని కొన్నప్పుడు అక్కడ మలేరియా రాజ్యమేలుతుండేది. వైద్య శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ చేపట్టిన చికిత్సతో ఆ పీడ విరగడైంది. దరిమిలా అది ఐరోపా సంపన్నుల విహారస్థలమైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టీటోకు వేసవి విడిది అయింది. వచ్చిన అతిథులను పైన్ చెట్ల నీడన, సముద్రపు ఒడ్డున తిప్పి తీరుబడిగా మాట్లాడడం ఆయన రాజనీతిలో భాగం. దేశదేశాల నేతలు కానుకగా పంపిన జంతువులకూ అక్కడ చోటు దొరికింది. ఇందిరా గాంధీ పంపిన ఏనుగులు కూడా తరువాతి కాలంలో ఆ దీవికే చేరాయి.

1956 జూలైలో నెహ్రూ లండన్‌లో కామన్వెల్త్ ప్రధానుల సమావేశం ముగించుకొని, ఐరోపా పర్యటన చేస్తూ అక్కడికి వచ్చారు. నాసర్ అప్పటికే యుగోస్లావియాలో ఉన్నారు. ముగ్గురూ కలసి గడిపింది జూలై 18, 19 తేదీలే. మూడో కూటమి అన్న మాటే నెహ్రూకు గిట్టేది కాదు. కూటములను విమర్శించేవారు మరో కూటమి కట్టడం ఆయన దృష్టిలో అసంబద్ధం. 19వ తేదీన వెలువడిన ఉమ్మడి ప్రకటన బాండుంగ్ సూత్రాలను పునరుద్ఘాటించింది. ప్రపంచం బలమైన కూటములుగా చీలిపోవడం భయాలను శాశ్వతం చేస్తుందని హెచ్చరించింది. అల్జీరియా ప్రజల స్వాతంత్ర్య కాంక్షను సమర్థించింది. అంతేగాని ఏ సంస్థనూ స్థాపించలేదు. 25 దేశాలతో బెల్‌గ్రేడ్ మహాసభ జరగడానికి ఇంకా ఐదేళ్లు పట్టింది.

అసలు చరిత్ర ఆ ప్రకటనలో కంటే దాని చుట్టుపక్కలే ఎక్కువగా ఉంది.

సంతకాలు జరిగిన రోజే వాషింగ్టన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ ఈజిప్టు రాయబారిని పిలిచి, అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న సాయాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు చెప్పారు. ఆనకట్ట కోసం అమెరికా, బ్రిటన్ కలిసి ఇవ్వజూపింది 7 కోట్ల డాలర్లు. దానితో ముడిపడిన ప్రపంచ బ్యాంకు రుణం 20 కోట్లు. అవన్నీ ఒక్కసారిగా ఆవిరయ్యాయి. నెహ్రూ, నాసర్ ఒకే విమానంలో కైరోకు ప్రయాణిస్తుండగా ఈ వార్త అందిందని నాసర్‌కు సన్నిహితుడైన పాత్రికేయుడు హైకల్ రాశారు. వారం తిరగకముందే, జూలై 26న, అలెగ్జాండ్రియా సభలో నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తున్నట్టు ప్రకటించారు. తన నిర్ణయం గురించి ఆయన నెహ్రూతో ఒక్క ముక్క కూడా అనలేదు. ఐరోపాతో భారత వాణిజ్యం సాగేది ఆ కాలువ గుండానే కాబట్టి నెహ్రూ నొచ్చుకోవడంలో వింత లేదు. అయినా ఈజిప్టు సార్వభౌమాధికారాన్ని ఆయన కాదనలేదు. రాజీ మార్గం వెతికే పని కృష్ణ మీనన్‌పై పడింది.

అక్టోబరు 29న ఇజ్రాయెల్ సైన్యం ఈజిప్టుపై దాడి చేసింది. 31న బ్రిటన్, ఫ్రాన్స్ బాంబుల వర్షం మొదలైంది. ఆ మర్నాడే, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరణ సందర్భంగా నెహ్రూ హైదరాబాదులో ఉన్నారు. సూయజ్ దురాక్రమణపై ఆయన తీవ్ర ఖండన వినిపించింది ఆ నగరంలోనే. తెలుగువారు రాష్ట్రావతరణను తలచుకొనేటప్పుడు ఈ సంగతి సాధారణంగా మరుగున పడుతుంది.

ఇక బ్రియోనీ రెండో ముఖం. నవంబరు 2 రాత్రి, తుపాను గాలిలో, చిన్న విమానంలోనూ ఆపై పడవలోనూ ఇద్దరు అతిథులు రహస్యంగా ఆ దీవికి చేరారు. వారు క్రుశ్చేవ్, మాలెంకోవ్. హంగరీ తిరుగుబాటును సైన్యంతో అణచివేయబోతున్నామని టీటోకు చెప్పడానికి వచ్చారు. చర్చలు తెల్లవారుజాము దాకా సాగాయి. బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టులో చిక్కుకొని ఉండడం తమకు కలిసివచ్చిందని క్రుశ్చేవ్ అన్నట్టు మాస్కోలోని యుగోస్లావ్ రాయబారి మిచునోవిచ్ తన దినచర్యలో నమోదు చేశారు. టీటో అడ్డు చెప్పలేదు. మూడున్నర నెలల కిందట ముగ్గురు మిత్రులు కూటముల పీడ గురించి మాట్లాడుకున్న దీవి అదే. నవంబరు 4న ట్యాంకులు బుడాపెస్ట్‌ను చుట్టుముట్టాయి.

సూయజ్‌పై వెంటనే గొంతెత్తిన నెహ్రూ హంగరీపై తడబడ్డారు. సమాచారం అస్పష్టంగా ఉందన్నది ఢిల్లీ వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, ఆ అస్పష్టత సూయజ్ విషయంలో ఎందుకు అడ్డురాలేదని అడిగిన జయప్రకాశ్ నారాయణ్ వంటి వారికి సరైన జవాబు దొరకలేదు. నవంబరు 9న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, సోవియట్ సేనలు వైదొలగాలనీ, సమితి పర్యవేక్షణలో హంగరీలో స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలనీ కోరే తీర్మానం ఓటుకు వచ్చింది. అనుకూలం 48, వ్యతిరేకం 11, తటస్థం 16. ఎన్నికల షరతు రేపు కశ్మీర్‌కూ వర్తిస్తుందన్న భయం ఢిల్లీని వెంటాడింది. వ్యతిరేకించిన పదకొండింటిలో తొమ్మిది సోవియట్ శిబిరానివి. మిగిలిన రెండూ భారత్, యుగోస్లావియా.

రెండు రోజుల తర్వాత టీటో బ్రియోనీకి ఎదుటి ఒడ్డున ఉన్న పూలాలో ప్రసంగించారు. మొదటి సోవియట్ జోక్యం తప్పేననీ, రెండోది తప్పనిసరి చెడు అనీ అన్నారు. నవంబరు 14న బర్మా, సిలోన్, ఇండోనేషియా ప్రధానులతో కలిసి న్యూఢిల్లీలో విడుదల చేసిన ప్రకటనలో, హంగరీ నుంచి సోవియట్ సేనలు వెళ్లిపోవాలని నెహ్రూ కోరారు. అప్పటికి బుడాపెస్ట్ వీధుల్లో పోరాటం దాదాపుగా ముగిసింది.