ఆల్విన్ నిస్సాన్: మన జహీరాబాద్ బండి

ఆల్విన్ అనగానే మనకి ఫ్రిజ్, గడియారం గుర్తొస్తాయి. అదే ఆల్విన్ 1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు కూడా చేసింది. డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి కూడా ఆ తరానివే. 1989లో కంపెనీ మహీంద్రా చేతికెళ్ళింది. కొన్నాళ్ళకి నిస్సాన్ పేరు పోయింది, బండ్లు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాయి. వెండర్ వెళ్ళిపోయాక ప్రొడక్షన్‌లో మిగిలిన సాఫ్ట్‌వేర్ గతి మనకి తెలియనిదా!

మా బాన్సువాడ వైపు, నిజాంసాగర్ ఆయకట్టులో వడ్ల బస్తాలు మోసినవి ఇలాంటి ముసలి బండ్లే. అసలు పార్టు దొరికేది కాదు, వేరే బండిది అరగదీసి బిగించేవాళ్ళు. ఇంజను మొరాయిస్తే ఒక రోజు కిరాయి పోతుంది, అంతే. భయమంతా బ్రేకుతోనే. బ్రేక్ ఆయిల్ మార్చకపోతే ఏళ్ళ తరబడి గాలిలో తేమ పీల్చుకుంటుంది. నిండు లోడుతో పదే పదే బ్రేకు తొక్కితే ఆ వేడికి మరిగి ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది కదా, పెడల్ కాస్తా కిందకి దిగిపోతుంది. "రెండుసార్లు పంపు కొడితే పడుతది లే సారూ" అనేవాళ్ళు.

2018 సవరణలో 8 ఏళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ అన్నారు. మంచిదే. కానీ ఆ రోజుకి మాత్రం వేరే బండి టైర్లు తొడిగించి, సాయంత్రానికి పాతవి మళ్ళీ బిగించుకునే ఓనర్లూ ఉన్నారు లెండి.