వాక్యం చెప్పిందెవరు? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో క్రైస్తవ ప్రచారం

క్రైస్తవ ప్రచారం అనగానే తెల్లదొరలు, విదేశీ డబ్బు, మోసపోయిన దళితులు అనే కథ వినిపిస్తుంది. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ చరిత్ర ఆ కథకు సరిపోదు. అక్కడ ఊరికి వాక్యం చెప్పినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల కూలీలు. వాళ్లు వినేవాళ్లే కాదు, చెప్పేవాళ్లు కూడా.

నేపథ్యం

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ నుంచి ఏర్పడ్డాయి. నిజాం కాలంలో ఇది దొరల గడీలు, వెట్టిచాకిరి ఉన్న ప్రాంతం. అమెరికన్ బాప్టిస్టులు 1879లో హన్మకొండలో, తర్వాత జనగామలో మిషన్ కేంద్రాలు పెట్టారు.

డోర్నకల్ దారి వేరు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులూ డబ్బూ ఈ దేశానివే కావాలన్నది దాని నియమం. ఆ సంస్థ మొదటి మిషనరీ 1904లో డోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నాడు. వ్యవస్థాపకుల్లో ముఖ్యుడైన వి.ఎస్. అజరయ్య 1909లో వచ్చారు. ఆయన పుట్టిన నాడార్ కులానికి అప్పట్లో గుడి ప్రవేశం లేదు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

కూలీలే సువార్తికులు

వాక్యం చెప్పడం జీతం తీసుకునే పాస్టర్ పని మాత్రమే కాదని అజరయ్య నమ్మారు. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదని పలికేవారు. ఏటా ఒక వారం 'సాక్ష్యం' కోసం కేటాయించి, ఆడామగా పొరుగూళ్లకు నడిచి వెళ్లి పాటలు పాడి తమ మార్పు గురించి చెప్పేవారు. వాడలో ఉపదేశి రాత్రిపూట చదువు కూడా చెప్పేవాడు. కృష్ణా జిల్లా ప్రాంతాలు కూడా కలిసిన డోర్నకల్ డయోసీస్‌లో క్రైస్తవుల సంఖ్య 1941 నాటికి రెండు లక్షలు దాటింది. వాడ జీవితంలో మార్పు చూసి కొందరు శూద్రులు కూడా సంఘంలో చేరారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి ఊరికి బోధకుడవడం చిన్న విషయం కాదు.

ఆవుతో పోలిక

1936లో గాంధీ, అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, ఆవుకు సువార్త చెబుతారా అని అడిగారు. అంటరానివాళ్లలో కొందరికి మతాల మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి ఆవుకున్నంత కూడా లేదన్నది ఆయన వాదన. అది హరిజన్ పత్రికలో వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1935లో, తాను హిందువుగా చావనని అంబేడ్కర్ యేవలాలో ప్రకటించారు. దళితులు ఆలోచించి మతం ఎంచుకోలేరన్న మాట ఈనాటికీ 'ప్రలోభం' అనే ఆరోపణ వెనుక దాగి ఉంటుంది.

నేటి పద్ధతులు

1947 సెప్టెంబర్ 27న డోర్నకల్ సంఘం దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) భాగమైంది. ఇప్పుడు పాత మిషన్ సంఘాలతో పాటు స్వతంత్ర సంఘాలు కూడా పల్లెల్లో పెరిగాయి. గృహ కూడికలు, ఉపవాస ప్రార్థనలు, స్వస్థత సభలు, క్రిస్మస్‌కు ఇంటింటి పాటలు, కరపత్రాలు వాటి మార్గాలు. ఈ పనిలో ఆడవాళ్ల పాత్ర పెద్దది. మత ప్రచారం చేసుకునే హక్కును రాజ్యాంగం 25వ అధికరణ ఇస్తోంది. అయితే ఇతరులను మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎవరు ఎంత పోగొట్టుకుంటారు?

ఒకే కూడికలో ఒక మాదిగ, ఒక లంబాడీ కూర్చుని బాప్తిస్మం తీసుకున్నారనుకుందాం. లంబాడీ, కోయ క్రైస్తవులకు ఎస్టీ హోదా పోదు, ఎందుకంటే ఆ హోదాకు మత నియమం లేదు. మాదిగకు మాత్రం ఎస్సీ హోదా పోతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. దళిత క్రైస్తవులకు ఇక్కడ మిగిలింది బీసీ-సీలో 1 శాతం రిజర్వేషన్. క్రైస్తవాన్ని ఆచరించేవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎస్సీ రక్షణ వర్తించదని 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అందుకే చాలామంది కాగితాల మీద హిందువులుగా, ఆదివారం సంఘ సభ్యులుగా బతుకుతున్నారు. ఈ మత నియమాన్ని తీసేయాలని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది.

సంఘం లోపల

మతం మారితే కులం పోతుందన్న వాదనకు సంఘాలే జవాబు. మాలలకు, మాదిగలకు వేర్వేరు సంఘాలున్న ఊళ్లున్నాయి. పెళ్లి సంబంధాలు కులం చూసే కుదురుతాయి. బయటివారిని 'అన్యులు' అంటూ పిలిచే సంఘం, తన బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో కూడా చూసుకోవాలి.

ఈ జిల్లాల్లో అధ్యయనానికి వెళ్లే విద్యార్థులు "ఎందుకు మారారు?" అని మాత్రమే అడిగి ఆగిపోవద్దు. మొదట ఈ వాడకు వాక్యం ఎవరు తెచ్చారు, ఇక్కడి నుంచి ఎవరు ఎక్కడికి తీసుకెళ్లారు, పిల్లల సర్టిఫికెట్‌లో ఏమి రాయించారు అని కూడా అడగాలి.